నీలం ప్లాస్టిక్ కిట్, గ్యాస్ షాకర్లు, ఒక డెంటర్ షెడ్డు: డిక్కీ తలుపు ఇంట్లోనే ఊడదీసాక నా రివ్యూ

ముందే చెప్పీస్తున్నాను, ఇది ఒక్క వస్తువు రివ్యూ కాదు, మూడు కలిపి రాస్తున్నాను, ఎందుకంటే మూడూ ఒకే పనిలో వాడాం. ఒకటి, కారు లోపల ప్యాడ్లూ క్లిప్పులూ ఊడదియ్యడానికి అమ్మే నీలం రంగు ప్లాస్టిక్ కిట్, ఆన్‌లైన్లో మూడొందల లోపే పడింది. రెండు, డిక్కీ తలుపుని పైన నిలబెట్టే గ్యాస్ షాకర్లు, జత. మూడు, ఒడిశాలో మా పర్లాకిమిడిలో ఒక డెంటర్ (కారు రేకు నొక్కులు బాగుచేసేవాడు) షెడ్డు, పేరు రాయను, ఇప్పటికే ఆ షెడ్డు ముందు బళ్ళు రోడ్డు మీదకి వచ్చీసి ఉంటాయి. కిట్ కళ్ళు మూసుకుని కొనుక్కోవచ్చు, షాకర్లు మాత్రం కొలిచి కొనాలి, డెంటర్ దగ్గరకి కారు కాకుండా తలుపు ఒక్కటే పట్టుకెళ్తే పని చాలా మెరుగ్గా చేస్తాడు. వివరం కావాల్సినవాళ్ళు కింద చదవండి, పొడుగ్గానే ఉంటాది.

మాది పాత హ్యాచ్‌బ్యాక్, సిల్వర్ కలరు, ఓడీ 20 నంబరు. ఏ కంపెనీ అన్నది వదిలీండి, మన వైపు తిరిగే చిన్న కార్లకి డిక్కీ ఇంచుమించు ఒకేలాగ ఉంటాది, పైన రెండు హింజిలు, పక్కన రెండు షాకర్లు (కొన్నిటికి ఒకటే), మధ్యలో వైర్లు. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు కొమ్మ విరిగి పడి డిక్కీ కింద భాగం నొక్కు పడింది, అప్పట్లో ఎవరో తొందరగా కొట్టి లప్పం పెట్టి రంగు వేసి ఇచ్చీసారు, ప్రైమర్ సరిగ్గా వెయ్యకుండా రేకు మీదే లప్పం పెట్టినట్టున్నారు, లప్పం తేమ పీల్చుకుంటాది కదా, దాని కిందనే తుప్పు మొదలైంది. పైగా డిక్కీ తలుపు కింది అంచులో రేకు రెండు పొరలుగా మడిచి ఉంటాది, లోపలికి దిగిన వాన నీళ్ళు బయటకి పోడానికి అడుగున చిన్న కన్నాలుంటాయి, ఆ కన్నాలు మట్టితో మూసుకుపోతే నీళ్ళు లోపలే నిలబడిపోతాయి. రంగు అప్పడం లాగ పొంగీసి వేలు పెడితే పెచ్చు ఊడొచ్చింది. మీ కారుకి ఆ కన్నాలు ఎక్కడున్నాయో ఒక్కసారి వంగి చూసుకోండి, సన్న తీగ పెట్టి తోడితే చాలు, దీనికి పైసా ఖర్చు లేదు.

బాగుచేయించడానికి ఏ షెడ్డుకి వెళ్ళినా వారం పైన బండి వదిలీమన్నారు. మా నాన్నని చెకప్‌కి బరంపురం తీసుకెళ్తూ ఉండాలి, ఎప్పుడు అవసరం పడతాదో తెలీదు, బండి వెళ్ళి ఎండలో తలుపు లేకుండా వేరేవాళ్ళ షెడ్డులో ఉండడం నాకు ఇష్టం లేదు. మా బావది పాతపట్నం, మోటార్ వైండింగ్ షాపు, అంటే బోర్డరుకి అవతల ఆంధ్రాలో, కూతవేటు దూరం. వాడే అన్నాడు, "తలుపు మనమే ఊడదీసి ఇచ్చీద్దాం బావా, నాలుగు బోల్టులే కదేటి" అని. బోల్టులు నాలుగే, నిజమే. మిగతా పని ఆ నాలుగు బోల్టుల దాకా చేరుకోడమే.

ఇప్పుడు కిట్ సంగతి. ఐదు ముక్కలు వస్తాయి, నాలుగు నైలాన్‌వి, వెడల్పుది, సన్నది, వంకరది, కొక్కెం లాంటిది, ఐదోది ఇనప ఫోర్కు, చివర రెండుగా చీలి ఉంటాది. డిక్కీ లోపలి ప్యాడు ఎలాగ ఉంటాదంటే, చెయ్యి పెట్టి కిందకి లాగే గుంటలో ఒకటో రెండో స్క్రూలు, మిగతా చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులు రేకు కన్నాల్లోకి నొక్కి ఉంటాయి. మెకానిక్కులు స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తుతారు, రేకు అంచున రంగు లేచిపోతాది, ప్యాడు మీద గీత పడతాది, క్లిప్పు విరిగిపోతాది, ఆ గీత పడినచోటే మళ్ళీ తుప్పు. మా బండికి ముందు దాఖలాలు ఉన్నాయి. ఈ నైలాన్ వెడల్పు ముక్క మాత్రం క్లిప్పుకి దగ్గరగా దూర్చి మణికట్టు తిప్పితే టక్ మని వచ్చీస్తాది, దూరంగా పట్టి లాగితే ప్యాడు వంగిపోతాది తప్ప క్లిప్పు రాదు, అదొక్కటే కిటుకు. కొక్కెం ముక్క వైరు కనెక్టర్ లాక్ నొక్కడానికి మాకు బాగా పనికొచ్చింది, దానికని ఇచ్చారో లేదో తెలీదు. ఇనప ఫోర్కు మాత్రం డబ్బాలోనే ఉంచుకోండి, గుడ్డ చుట్టి వాడినా రంగు గీకుతాది, అది కిట్‌లో ఎందుకు పెట్టారో వాళ్ళకే తెలియాలి. నైలాన్ అంచులు కొంచెం చీకినట్టు అయ్యాయి, మూడొందలకి అంతే, బ్లేడుతో చెక్కుకుని మళ్ళీ వాడొచ్చు. ఒక్క సలహా, పొద్దున్న చలిలో ఈ పని పెట్టుకోకండి, పాత క్లిప్పులు చలికి పెళుసుగా ఉంటాయి, ఎండ కాసేపు తగలనిచ్చి తియ్యండి. అయినా కొన్ని విరుగుతాయి, శ్రీకాకుళంలో స్పేర్ పార్ట్స్ షాపులో విడిగా అమ్ముతారు, ఊడిన క్లిప్పు ఒకటి చేత్తో పట్టుకెళ్ళి కన్నం సైజు సరిపోల్చి తెచ్చుకోవాలి, మాటతో చెప్తే వేరేవి ఇచ్చీస్తారు.

పని మొదలెట్టే ముందు డిక్కీ ఎత్తి ఉంచుకుని అప్పుడు 10 నంబర్ పానాతో బ్యాటరీ మైనస్ విప్పాలి. వరస తిరగెయ్యకండి, ఎలక్ట్రిక్ లాక్ ఉన్న బళ్ళకి కరెంటు తీసీసాక డిక్కీ తెరుచుకోదు.

ప్యాడు వచ్చీసాక అసలు విషయం కనపడింది, నాకు ఈ మొత్తం పనిలో బాగా గుర్తుండేది ఇదే. రూఫు నుంచి తలుపులోకి హింజి పక్కన ముడతల నల్ల రబ్బరు గొట్టం ఒకటి దిగుతాది చూడండి, వెనక వైపరు, నంబర్ ప్లేట్ లైటు, డిక్కీ లాక్, పైన బ్రేక్ లైటు, వెనక అద్దం మీద మంచు పోగొట్టే గీతలు, అన్నిటి వైర్లూ దాంట్లోంచే వస్తాయి, కొన్ని బళ్ళకి అద్దం కడిగే నీళ్ళ పైపు కూడా. డిక్కీ ఎత్తిన ప్రతిసారీ ఆ వైర్లన్నీ అదే చోట వంగుతాయి, ఏళ్ళ తరబడి. మా బండికి కొన్నాళ్ళుగా వెనక వైపరు ఒకసారి ఆడేది ఒకసారి ఆడేది కాదు, ఇంకో వింత ఏటంటే లైట్లు ఆపేసి ఉన్నా బ్రేక్ తొక్కితే నంబర్ ప్లేట్ లైటు మసక మసగ్గా వెలిగేది. ఎలక్ట్రీషియన్ బల్బులు మార్చాడు, హోల్డర్ మార్చాడు, డబ్బులు తీసుకున్నాడు. ఆ రబ్బరు గొట్టం అంచు రూఫు కన్నంలోంచి ఊడదీసి వెనక్కి మడిచాం, లోపల వైర్ల తొడుగులు చిట్లి ఉన్నాయి, వాటిలో నల్ల వైరు, అంటే ఎర్తు, రాగి పచ్చబడిపోయి రెండే పోగుల మీద వేలాడుతోంది. బావ దాన్ని గోటితో ఇలా కదిపాడు, ఆ రెండు పోగులు కూడా తెగిపోయాయి. "ఇదీ నీ వైపరు" అన్నాడు.

డిక్కీలో ఉన్నవాటన్నిటికీ ఎర్తు ఒకటే, అది తెగితే కరెంటు బయటకి పోయే దారి లేక పక్క బల్బులోంచి దారి వెతుక్కుని పోతాది, అందుకే బ్రేక్ తొక్కితే ప్లేట్ లైటు వెలగడం. మీ బండికి ఇలాంటి దెయ్యం పట్టిన వేషాలు ఉంటే బల్బులు మార్చించుకునే ముందు ఆ రబ్బరు గొట్టం మడిచి చూడమని చెప్పండి.

బావ దాన్ని బాగుచేసిన పద్ధతి కూడా రాస్తాను, ఎందుకంటే చాలామంది తెగినచోట మెలిపెట్టి టేపు చుట్టీస్తారు, మళ్ళీ ఆరు నెలలకి అదే కథ. వంగే భాగంలో అతుకు ఉండకూడదు, టంకం పెట్టిన చోట వైరు గట్టిపడిపోతాది, వంగితే అక్కడే పుటుక్కుమంటాది. అందుకని వంగే భాగం మొత్తం కోసి పడేసి కొత్త మెత్తటి ఆటో వైరు ముక్కలు ఒక్కోదానికి వేసి, ఒక అతుకు రూఫు లోపల వైపు, ఇంకో అతుకు తలుపు లోపల వైపు వచ్చేలాగ పెట్టాడు, అతుకులన్నీ ఒకే చోట కాకుండా మెట్లు మెట్లుగా, లేపోతే గుత్తి లావైపోయి రబ్బరులో దూరదు. పైన వేడికి ముడుచుకునే గొట్టం. ఈ పని తలుపు ఊడి ఉన్నప్పుడు హాయిగా అవుతాది, బిగించి ఉన్నప్పుడు తల పైకెత్తి చెయ్యాలి, మెడ పట్టీస్తాది. ఇంకోటి, తలుపులోంచి వైర్ల కట్ట బయటకి లాగే ముందు దాని చివర ఒక పొడుగు పురికొస కట్టండి, వైర్లు బయటకి వచ్చీసాక పురికొస లోపలే ఉంటాది, తిరిగి బిగించేటప్పుడు దాన్ని లాగితే వైర్లు వాటంతటవే దారి పట్టుకుంటాయి.

తలుపు దించడం చెప్తాను. అద్దంతో కలిపి బాగా బరువు, ఇద్దరు గట్టిగా పట్టాలి, మూడో మనిషి బోల్టులు విప్పాలి, ఒక్కళ్ళు చెయ్యాలనుకుంటే వదిలీండి. ముందు హింజి పక్కన అన్నిటికంటే ముఖ్యమైన పని, హింజి రేకు మీద ఎక్కడ కూర్చుందో చుట్టూ గుర్తు పెట్టుకోడం. అందరూ మార్కర్‌తో గీస్తారు, కానీ తలుపుకి రంగు వేయించబోతున్నప్పుడు ఆ గీత సానపట్టడంలో పోతాది కదా, అందుకని మేం ఫోటోలు తీసి, హింజి అంచు నుంచి రేకు అంచుకి స్కేలుతో కొలిచి రాసుకుని, హింజి కూర్చునే చోట టేపు వేసి ఇక్కడ సాన పట్టొద్దు, లప్పం పెట్టొద్దు అని డెంటర్‌కి చెప్పాం. తర్వాత కర్ర దన్ను పెట్టి షాకర్లు తీసాం. షాకర్ చివర గుండు మీద గిన్నెలాగ కూర్చుని వెనక స్ప్రింగ్ క్లిప్పు ఉంటాది, సన్న స్క్రూడ్రైవర్‌తో ఆ క్లిప్పు కొంచెం ఎత్తి లాగితే వచ్చీస్తాది, క్లిప్పు పూర్తిగా పీకక్కర్లేదు. కర్ర దన్ను లేకుండా షాకర్ తీస్తే తలుపు నెత్తి మీదకి వస్తాది, అది చెప్పక్కర్లేదనుకుంటాను.

బోల్టులు మావి 12 నంబర్ సాకెట్, ముందు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచాం, మొండికేస్తే పైపు దూర్చి బలం పెట్టకండి, లోపల రేకుకి అతికించిన నట్టు ఊడి తిరిగిపోతే అప్పుడు అసలు తలనొప్పి. హింజి కింద సన్న పట్టీలు ఉంటే ఏ పక్కవి ఆ పక్క కవర్లో కట్టి రాసుకోండి. పక్కింటి ఒడియా కుర్రాడు, మా అమ్మని మావుసీ అంటాడు, వాడూ నేనూ చెరో మూల పట్టాం, బావ విప్పాడు, అరుగు మీద పాత బొంత మీదకి దించీసాం.

డెంటర్ ఆటోలోంచి తలుపు దించుతుంటే చూసి "ఇదేటి బాబూ, తలుపొచ్చింది, బండేదీ" అని ఒకటే నవ్వు. నాతో తెలుగు, షెడ్డు కుర్రాడితో ఒడియా, ఫోన్లో పెయింటు షాపువాడితో హిందీ, మాట మారినా చెయ్యి ఆగదు. తర్వాత ఆయనే అన్నాడు, బండి మీద అయితే వెల్డింగు పెట్టడానికి భయం, సీట్లు కప్పాలి, బ్యాటరీ విప్పాలి, దగ్గర్లోనే పెట్రోల్ ట్యాంకు, ఇదైతే స్టాండు మీద తిరగేసి పని చేసుకోవచ్చు అని. నిజంగానే తిరగేసి కింది అంచు మొత్తం కోసీసి, కొత్త రేకు మడిచి సీ.ఓ.టూ వెల్డింగు చుక్కలు చుక్కలుగా పెట్టాడు, ఒక చోట పెట్టి చల్లారాక ఇంకో చోట, ఏకబిగిన లాగిస్తే పల్చటి రేకు వేడికి వంకర పోతాది. అద్దం మీద నిప్పురవ్వ పడితే గుంట పడి ఉండిపోతాది, దానికి తడి గోనెసంచి కప్పాడు, ఎవరూ చెప్పకుండానే, అక్కడ నాకు నమ్మకం కుదిరింది. జింక్ ప్రైమర్, అతుకుల మీద సీలర్, కింద కన్నాలు మూసుకోకుండా మళ్ళీ తోడి ఇచ్చాడు. లోపల మైనం లాంటి స్ప్రే నేను అడిగితేనే కొట్టాడు, అది మీరు కూడా అడగండి, మన వైపు తేమకి అది లేకపోతే మళ్ళీ లోపల్నుంచే తింటాది.

నంబర్ ప్లేటు డిక్కీ తలుపు మీదే ఉంటాది, ఇప్పుడు హై సెక్యూరిటీ ప్లేట్లు స్నాప్ లాక్‌తో వేస్తున్నారు కదా, ఆ లాక్ ఒక్కసారి వేసేదే, విరగ్గొడితే మళ్ళీ వెయ్యడానికి రాదు. షెడ్డు కుర్రాడు విరగ్గొట్టబోయాడు, వద్దని టేపు వేసి కప్పించాం. తలుపు లేని రోజుల్లో బండి రోడ్డెక్కించకూడదు, ప్లేటు లేకుండా బోర్డరు దాటితే ఏ పక్క పోలీసులైనా ఆపుతారు, అది పక్కన పెట్టినా వెనక తెరిచి ఉన్న బండిలోకి పొగ గొట్టం పొగ లోపలికి లాక్కుంటాది, ప్రమాదం. ఆ రోజుల్లో అవసరం వస్తే బావ బండి పంపుతానన్నాడు. మాది టార్పాలిన్ కట్టి షెడ్డులో పెట్టాం, పిల్లి ఒకటి వెనక సీటు సొంతం చేసుకుంది.

రంగు విషయంలో మార్కులు కొంచెం తగ్గిస్తాను. తలుపు ఒక్కటే ఇస్తే కలర్ కలపడానికి ఎదురుగా బండి ఉండదు, అందుకని పెట్రోల్ మూత ఊడదీసి శాంపిల్‌కి ఇచ్చాం, స్టిక్కర్ మీద కలర్ కోడ్ కంటే ఇది మేలు, పాత బండి రంగు ఎండకి మారిపోయి ఉంటాది కాబట్టి. అయినా సిల్వర్ మెటాలిక్ కదా, గన్ను పట్టిన దూరాన్ని బట్టి లోపల రేణువులు కూర్చునే తీరు మారిపోతాది, సాయంత్రం ఎండలో పక్క నుంచి చూస్తే తలుపు ఒక పిసరు తెల్లగా కనపడతాది. మా ఆవిడ మొదటి రోజే పట్టీసింది. నాకు పర్లేదు. ముసురు రోజుల్లో ఈ రంగు పని పెట్టుకోకండి, గాలిలో తేమకి మెరుపు చచ్చిపోతాది, మేం సంక్రాంతి అయ్యాకే ఇచ్చాం.

తిరిగి బిగించడంలో ఒక జాగ్రత్త ఎక్కడా రాయగా చూడలేదు నేను. మొదటిసారి తలుపు మూసే ముందు లోపలి ప్యాడు బిగించకండి. లాక్ సరిగ్గా పడక తెరుచుకోకపోతే, వెనక సీటు మడిచి లోపల్నుంచి పాకి వెళ్ళి లాక్ చేత్తో తప్పించాలి, ప్యాడు బిగించీసి ఉంటే ఆ దారి మూసుకుపోతాది. ముందు స్క్రూడ్రైవర్‌తో లాక్ నాలుకని మూసినట్టు తిప్పి, బటన్ నొక్కితే వదులుతోందో లేదో చూసుకుని అప్పుడు మూసాం.

హింజి బోల్టులు సగం బిగించి, తలుపు మెల్లగా మూసి, రెండు పక్కలా సందు సమానంగా ఉందా చూడాలి, దానికి మేం పెళ్ళి శుభలేఖ అట్ట మడతలు పెట్టి వాడాం, ఎడమ పక్క మూడు మడతలు దూరితే కుడి పక్కా మూడే దూరాలి. కుదిరాక పూర్తిగా బిగించి, తర్వాత కింద లాక్ పడే కొక్కెం సరిచెయ్యాలి, ఆ తర్వాతే రెండు పక్కల రబ్బరు గుండ్లు తిప్పి ఎత్తు సరిపెట్టాలి, అవి ముందు ముట్టుకుంటే ఏది ఎక్కువైందో తెలీక తిరుగుతూనే ఉంటారు. తలుపు టకటకలాడితే గుండ్లు లోపలికి ఉన్నట్టు, బలంగా కొడితేగానీ పడకపోతే బయటకి ఎక్కువ వచ్చినట్టు. చివర్లో ఒకళ్ళు లోపల టార్చితో కూర్చుని ఇంకొకళ్ళు పైపుతో నీళ్ళు కొట్టి చూడాలి, ఆ లోపల కూర్చునే పని మా కుర్రాడికి ఇస్తే దిగనన్నాడు.

ఇంక షాకర్లు. పాతవి చలికాలం పొద్దున్న తలుపుని సగంలోనే వదిలీసేవి, మధ్యాహ్నం బానే పట్టేవి, లోపల ఉండేది నైట్రోజన్, చలికి ఒత్తిడి తగ్గుతాది, ఇరవై డిగ్రీలు తేడా వస్తే ఏడు శాతం దాకా బలం పోతాది, కొత్తవాటికి అది లెక్కలోకి రాదు గానీ సగం కారిపోయినవాటికి అదే చాలు. ఆన్‌లైన్లో "అన్ని మోడళ్ళకీ సరిపోతాది" అని రాసి ఉన్న జత ఒకటి తెప్పిస్తే పాతదాని పక్కన పెట్టి చూసాం, వేలెడు పొడుగు, అది వేస్తే తలుపు ఎత్తాల్సినదానికన్నా పైకి నెట్టి హింజి మీద బలం పడతాది, అలాగే వాపసు పంపీసాం, డబ్బులు తిరిగి రావడానికి చాలా సతాయించారు, దానికి ఒక్క స్టారే. శ్రీకాకుళం షాపులో తెచ్చినవి పాతవాటితో పొడుగు, ఒంటి మీద అచ్చేసిన న్యూటన్ అంకె (అది నెట్టే బలం) రెండూ సరిపోల్చుకుని తీసుకున్నాం, ధర రెట్టింపు, అయినా ఐదు స్టార్లు. జతగానే మార్చండి, ఒక్కటి మారిస్తే తలుపు మెలితిరుగుతాది. డిక్కీ మూసి ఉన్నప్పుడు సన్న కడ్డీ కిందకి ఉండేలాగ బిగించాలి, అప్పుడే లోపలి ఆయిల్ సీలు దగ్గర చేరి దాన్ని తడిగా ఉంచుతాది. కడ్డీని ప్లయర్‌తో పట్టకండి, గీత పడితే సీలు చీరి గ్యాసు కారిపోతాది.

పాతవి పాత సామాన్ల బండివాడు ఇనుము రేటుకి అడిగాడు, ఇవ్వలేదు, వాటిలో ఇంకా ఒత్తిడి ఉంటాది, వాడు తీసుకెళ్ళి గ్యాస్ కట్టర్ పెట్టినా నిప్పులో పడేసినా పేలుతాది. డెంటర్‌కి ఇస్తే ఆయనకి తెలుసు ఎలా ఖాళీ చెయ్యాలో, కొత్త జత కొన్న షాపువాళ్ళు కూడా తీసుకుంటామన్నారు, అక్కడికే పంపుతున్నాను.